ఈలబండి కుర్చీలు

ఈలబండి కుర్చీల్లో దిండ్లత్త బంగారం పెట్టి కుట్టిందని ఊళ్ళో ఒక మాట ఉంది. అది పాత మాటే. చెప్పేవాళ్ళను బట్టి ఆ బంగారం బిస్కెట్లవుతుంది, గొలుసులవుతుంది, ఒకసారి మంగలి దుకాణంలో వజ్రాలు కూడా అయింది. ఈలబండిని కాటా వేస్తే ఉండాల్సిన దానికంటే ఎక్కువ బరువు తేలిందట. ఎందుకు తేలిందా అని షెడ్డంతా తలలు బద్దలు కొట్టుకుంటుంటే, ఆవిడ చడీచప్పుడు లేకుండా ఉద్యోగం మానేసి, పెద్ద మూట ఒకటి చంకన పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయిందట. ఇంకేం కావాలి? నిప్పు లేనిదే పొగ రాదన్నారు.

ఈలబండి అంటే విమానాశ్రయం చివర, తుప్పల పక్కన నిలబెట్టిన పాత విమానం. లోపల ఉన్నది జెట్ లాంటి ఇంజనే గాని, ఆ ఇంజను ముందున్న పంకాను తిప్పుతుంది. ఆ పంకా విమానాన్ని లాగుతుంది. ఇంజను అంటుకునేటప్పుడు ముందు సన్నగా ఈల వస్తుంది, అది పెరిగి పెరిగి వీధి చివర దాకా చెవులు చిల్లులు పడేలా చేస్తుంది. అందుకే ఆ పేరు. ఇక దిండ్లత్త, విమానాల కుర్చీలకు కవర్లు, దిండ్లు, కిటికీలకు తెరలు కుట్టిన మనిషి. విమానాశ్రయం వెనక వీధిలో, కుట్టుమిషన్ ముందు గదిలో పెట్టుకుని ఉంటుంది. అసలు పేరు పోస్టు అబ్బాయికి తప్ప ఎవరికీ తెలియదు.

ఆవిడ ఎదుట ఆ మాట ఎవరూ అనరు. ఆవిడ చెవిన పడింది తోకముక్కే: బంగారం. దానికి ఆవిడ సమాధానం కూడా ఒక్కటే. "బంగారమే ఉంటే కళ్ళజోడు కాడకి దారం చుట్టుకుంటానా?" అంటుంది. నిజంగానే చుట్టి ఉంటుంది, మిషన్ దారం, నల్లది.

ఆ మాట విని నవ్వలేకపోయేది మేనకోడలు ఒక్కతే. అత్త దగ్గరే పెరిగింది. అత్త కళ్ళకు పొర కమ్మడం మొదలైన ఏడాది బడి మధ్యలో ఆపేసి మిషన్ మీద కూర్చుంది. నోట్లో నాలుక లేని పిల్ల అని పేరు. నాలుక లేకపోతేనేం, కళ్ళున్నాయి. జాకెట్టు కొలతలు ఇవ్వడానికి వచ్చినవాళ్ళు ఆ ముందు గదిలో కూర్చుని గుసగుసలాడుకుంటుంటే, తల వంచుకుని కుడుతూనే అన్నీ వినేది. తమ ఇంటి గురించి వాళ్ళకు తమకంటే ఎక్కువ తెలిసినట్టు మాట్లాడుకునేవాళ్ళు. అది ఆ పిల్లకు ఎప్పుడూ వింతే.

ఈ సంవత్సరం ఆ మాట వీధి దాటి పని దాకా వచ్చింది. రిటైరైన పైలట్లు, మెకానిక్కులు కొందరు కలిసి ఈలబండిని బాగుచేసి, చివరిసారిగా ఒక్కసారి ఎగిరించి, దూరాన ఉన్న మ్యూజియంలో దింపాలనుకున్నారు. వాళ్ళకు పెద్ద ఒక పాత పైలట్. అందరూ కెప్టెన్ గారనే పిలుస్తారు. ఆయనే స్వయంగా ఇంటికి వచ్చాడు.

"అమ్మా, కుర్చీలన్నీ చిరిగిపోయి ఉన్నాయి. మీ చేతి పనే కావాలి," అన్నాడు గుమ్మంలోనే నిలబడి.

"నా కళ్ళు సూది బెజ్జాన్ని చూసి చాలా కాలమైంది బాబూ. మా పిల్లను పంపిస్తాను. నాకంటే నయంగా కుడుతుంది. నాకంటే తక్కువ మాట్లాడుతుంది. మీకు రెండూ లాభమే."

మర్నాడు మేనకోడలు కత్తెర, టేపు సంచీలో వేసుకుని, విమానాలు బాగుచేసే షెడ్డుకు వెళ్ళింది. అక్కడ స్టోర్ తాళాలు చూసుకునే మనిషి ఒకాయన ఉన్నాడు. స్టోరాయన అంటారు. దిండ్లత్త వెళ్ళిపోయిన చాలా కాలానికి వచ్చినవాడు. పాత స్టోరు మనిషి ఆయనకు తాళాలతో పాటు ఆ మాట కూడా అప్పజెప్పి వెళ్ళాడు.

"ఏ ఇంటి పిల్లవమ్మా?" అన్నాడు.

చెప్పింది.

ఆయన కెప్టెన్ గారి వైపు తిరిగాడు. "సార్, నేను అనడం లేదు. జనం అంటున్నారు. రేపు మ్యూజియం వాళ్ళు తెరిచి చూసి ఏదైనా దొరికితే నా మెడకు చుట్టుకుంటుంది. దొరక్కపోతే మధ్యలో ఎవరు తీశారని అడుగుతారు, అదీ నా మెడకే. పక్క ఊళ్ళో సోఫాలు కుట్టేవాళ్ళున్నారు, వాళ్ళకిద్దాం."

కెప్టెన్ గారు కాసేపు గడ్డం గోక్కున్నాడు. మెత్తని మనిషి. కాదనడమూ ఆయనకు రాదు, ఔననడమూ రాదు. చివరికి, "ఒక పని చేద్దాం. అమ్మాయి పాత కవర్లన్నీ నీ ఎదురుగా విప్పుతుంది. నీ అనుమానం తీరితే పని తనదే. తీరకపోతే సోఫా వాళ్ళకు కబురు పెడదాం," అన్నాడు.

మేనకోడలు తల ఊపింది. ఆ పని తనకు ఎంతో కావాలి. జాకెట్లు కుట్టి కుట్టి విసుగెత్తిన చేతులవి. విమానం లోపలికి వెళ్ళడం, అత్త జీవితమంతా గడిచిన చోట తన సూది దింపడం, అంతకంటే పెద్ద కోరిక ఆ పిల్లకు లేదు. తీరా చూస్తే అది ఎవరో మంగలి దుకాణంలో ఆడిన మాట మీద వేలాడుతోంది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, "అత్తా, ఈలబండి ఎప్పుడైనా ఎక్కావా?" అని అడిగింది.

"రోజూ ఎక్కేదాన్ని. నేను దిగాక ఎగిరేది."

"అది కాదు అత్తా. అది ఏమేం చేసింది, ఎక్కడెక్కడ తిరిగింది?"

దిండ్లత్త లేచి మంచం మీది బొంత తెచ్చి ఒళ్ళో పరిచింది. కుర్చీల నుంచి విప్పిన పాత బట్ట ఎప్పుడూ ఆవిడే తెచ్చుకునేది. షెడ్డువాళ్ళు పారేసేదే. ఆ గుడ్డలతోనే ఇంట్లో కాళ్ళు తుడుచుకునే పట్టాలు, సంచులు, మిషన్ మీద కప్పు, ఈ బొంత. చూపు సరిగ్గా ఆనకపోయినా వేళ్ళతో తడిమి ముక్క ముక్కకూ ఆగుతూ చెప్పింది.

"ఈ ఆకుపచ్చది మొదటి కంపెనీ. అప్పుడది కొత్త పెళ్ళికూతురు. పెద్ద ఊరి నుంచి సముద్రం ఒడ్డు ఊళ్ళకు తిరిగేది. ఎక్కేవాళ్ళు పెట్టెలో ఉన్న మంచి బట్టలన్నీ వేసుకుని ఎక్కేవాళ్ళు. కుర్చీకీ కుర్చీకీ మధ్య కాళ్ళు చాపుకునే చోటు ఉండేది. ఈ ఇటుకరంగుది రెండో కంపెనీ. వాళ్ళు ఇంకో రెండు వరసలు ఇరికించారు. మోకాళ్ళు గడ్డానికి తగిలేవి. అరచేయి పెట్టే చోట బట్ట ఎంత అరిగిందో చూడు, భయంతో గట్టిగా పట్టుకునేవాళ్ళు పాపం."

"తర్వాత?"

"తర్వాత కుర్చీలన్నీ పీకేసి తపాలా సంచులు, పేపర్లు మోయించారు. దానికి బట్ట లేదు, అందుకే బొంతలో ముక్క లేదు. ఆ తర్వాత కోడిపిల్లలు."

"కోడిపిల్లలా?"

"గుడ్డులోంచి బయటికొచ్చిన రోజువే. అట్టపెట్టెల్లో, ఈ చివర నుంచి ఆ చివర దాకా. కిచకిచలు. ఇంజను ఈల వాటికి వినపడేదో లేదో గాని, వాటి గోల పైలట్లకు వినపడేది. దిగాక రోజూ గొట్టంతో నీళ్ళు కొట్టి కడిగేవాళ్ళు. ఆ వాసన నీకు చెప్పినా అర్థం కాదు, చెప్పకపోతే నీకే మంచిది."

"మళ్ళీ కుర్చీలు ఎప్పుడు వచ్చాయి?"

"కోడిపిల్లల వాళ్ళు వదిలేశాక మూడో కంపెనీ కొంది. దానికే ఈ నీలం." ఆవిడ చేయి ఆ ముక్క మీద ఆగిపోయింది. "నూగున్న బట్ట. మఖమల్ లాగా. అదే నేను కుట్టిన ఆఖరుది. అది కుడుతుండగానే మా అమ్మ బావి గట్టు మీద జారి తుంటి విరగ్గొట్టుకుంది. ఆ కవర్లు ఎలా పూర్తి చేశానో నాకే తెలీదు. పూర్తి చేసి ఇచ్చి, మిగిలిన గుడ్డ మూట కట్టుకుని వచ్చేశాను. తర్వాత అది విమానాశ్రయాల సిగ్నళ్ళు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే పరీక్ష బండి అయిందట, ఆ తర్వాత మూలన పడిందట. అదంతా వినికిడే. మంచంలో ఉన్న మనిషిని వదిలి మళ్ళీ అటు వెళ్ళలేదు."

మేనకోడలు ఆ రోజు మూట సంగతి మొదటిసారి పూర్తిగా విన్నది. అయినా మనసులో ఒక పురుగు తొలుస్తూనే ఉంది. మూటలో గుడ్డలే అయితే సరే. మరి బరువు ఎక్కడిది?

మర్నాటి నుంచి విప్పడం మొదలైంది. కుర్చీలను బండిలోంచి దింపి షెడ్డు నేల మీద వరసగా పెట్టారు. ఆ పిల్ల పీట వేసుకుని ఒక్కో కుట్టూ కోస్తుంటే స్టోరాయన ఎదురుగా స్టూలేసుకుని, పెళ్ళిచూపుల్లో మామగారిలా చేతులు కట్టుకుని కూర్చున్నాడు. కోసిన కొద్దీ కుర్చీల పొట్టలోంచి లోకమంతా రాలింది. పెన్ను మూత, పేకముక్క ఒకటి, పసిపిల్ల మేజోడు, ఒక కంటి నల్లద్దం. మేజోడు ఇక్కడుంటే రెండోది ఏ ఊళ్ళో ఉండి ఉంటుంది? నల్లద్దం పోగొట్టుకున్న మనిషి ఒంటికంటి జోడుతోనే దిగాడా? అడగడానికి ఎవరూ లేరు గనక ఆ పిల్ల తనను తానే అడిగింది.

మూడో వరసలో ఒకదాన్ని విప్పుతుంటే పచ్చగా ఏదో తళుక్కుమంది. స్టోరాయన స్టూలు మీంచి లేచిన వేగానికి స్టూలు పడిపోయింది.

"కదలకు. చేయి తీసెయ్."

ఆయనే వంగి, రెండు వేళ్ళతో జాగ్రత్తగా పైకి తీశాడు. చాక్లెట్టు చుట్టిన కాగితం. బంగారు రంగుది. అటు రేకులు కొట్టుకుంటున్న మెకానిక్కులు సుత్తులు ఆపి మరీ నవ్వారు.

"దాచుకో అన్నా, కూతురి పెళ్ళికి పనికొస్తుంది," అన్నాడొకడు.

ఆయన ముఖం కందగడ్డ అయింది. కాసేపటికి చివర వరస దగ్గర నిలబడి పిలిచాడు. "అమ్మాయ్, ఇటు రా. అన్నీ ఒక రంగు, ఈ రెండూ ఒక రంగు. ఈ రెండింటికే వేరే బట్ట ఎందుకు వేసింది మీ అత్త? గుర్తు పెట్టుకోడానికి కాకపోతే?"

నిజమే, ఆ రెండూ మిగతావాటి పక్కన వెలిసినట్టు కనిపిస్తున్నాయి. మేనకోడలు కత్తెర కింద పెట్టింది. దగ్గరికి వెళ్ళి అరచేత్తో పై నుంచి కిందికి నిమిరింది. చేయి గరగరలాడింది. కింది నుంచి పైకి నిమిరింది. పిల్లి వీపులా మెత్తగా జారింది. వెంటనే తెలిసిపోయింది. నూగు బట్ట కత్తిరించేటప్పుడు అన్ని ముక్కలకూ నూగు కిందికే వాలేలా పరుచుకోవాలి. ఒక ముక్క తలకిందులైతే వెలుగు దాని మీద వేరేగా పడి రంగు మారినట్టే ఉంటుంది. అత్త అలాంటి తప్పు చేసే మనిషి కాదు. చేసిందంటే అది కబురు అందిన రోజు, వాళ్ళమ్మ బావి దగ్గర పడిపోయిందని ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పిన రోజు, కత్తెర చేతిలో ఉండగానే.

"ఒకే బట్టండీ. తిరగేసి కోసింది," అంది మెల్లగా.

"మీ అత్తను నువ్వు కాక ఎవరు వెనకేసుకొస్తారు? విప్పు."

విప్పింది. స్పాంజి, దాని కింద చట్రం, చట్రం మీద దుమ్ము. అంతే.

అన్నీ అయిపోయాయి. బంగారం లేదు, ఉన్న జాడా లేదు. స్టోరాయన మాత్రం స్టూలు సర్దుకుంటూ, "లేదంటే ఏమైనట్టు? ఉంటే ఇన్నాళ్ళు ఉంచుతారా ఎవరైనా? ఆ మూటలో వెళ్ళిపోయే ఉంటుంది. బరువు తేలడం మాత్రం అబద్ధం కాదుగా," అన్నాడు. కెప్టెన్ గారు గడ్డం గోక్కోవడం మొదలుపెట్టాడు. మేనకోడలికి ఆ గోకుడు అర్థమైంది. సోఫా వాళ్ళకు కబురు వెళ్ళబోతోంది.

ఆ వారంలోనే ఈలబండిని తూచాల్సి వచ్చింది. చివరి ప్రయాణానికి ముందు బరువు ఎంతో, ఆ బరువు ముక్కు వైపు ఎంత, తోక వైపు ఎంత తెలియకపోతే ఎగరనివ్వరు. దానికి ఒక ముసలాయనను పిలిపించారు. పని చేసినన్నాళ్ళూ విమానాలు తూచినవాడు, కాటా తాత అంటారు. చిన్న మనిషి, పెద్ద గొంతు. రాగానే ఈలబండి పొట్ట మీద చరిచి, "ఏమే, ఇంకా బతికే ఉన్నావా?" అని పలకరించాడు.

మేనకోడలు కుర్చీల మధ్య నిలబడి చూస్తోంది. బండి కింద మూడు చోట్ల జాకీలు పెట్టారు, జాకీల తలల మీద కాటాలు. అందరూ చూస్తుండగా, అంత బండీ నేల విడిచి అంగుళం అంగుళంగా లేచింది. ఎగరకుండానే పైకి లేచిన విమానాన్ని చూడటం ఆ పిల్లకు ఎగిరిన దాన్ని చూడటం కంటే వింతగా ఉంది. కాటా తాత ఒక్కో కాటా దగ్గరా వంగి పైకి చదువుతున్నాడు.

అప్పుడు తట్టింది ఆ పిల్లకు. కుర్చీలన్నీ ఇక్కడ, తన చుట్టూ ఉన్నాయి. మరి ఆయన తూచేస్తున్నాడేం?

ఆ ప్రశ్న గొంతు దాకా వచ్చి ఆగింది. చుట్టూ మగవాళ్ళు, అందరూ పెద్దవాళ్ళు. ఇంకోసారైతే మింగేసేదే. కాని పక్కనే స్టోరాయన ఫోనులో ఎవరితోనో సోఫా బట్ట రంగు గురించి మాట్లాడుతున్నాడు.

"తాతగారూ," అంది. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ, కాస్త గట్టిగా, "తాతగారూ, కుర్చీలు బయటే ఉన్నాయి కదండీ."

"ఉండాలమ్మా. లేకపోతే నేనే పీకించేవాణ్ణి. కుర్చీలతో ఎవరైనా తూస్తారా? ఒకడు వరసలు పెంచుతాడు, ఒకడు తగ్గిస్తాడు. మా షెడ్డులో పద్ధతి ఏంటంటే, బండిని ఉత్త డొక్కగా, కుర్చీలు లేకుండా తూస్తాం. కుర్చీలు వేరే చిన్న కాటా మీద, ఆ తర్వాత కూడుకుంటాం."

"ఎప్పుడూ అంతేనా అండీ?"

"నేను ఉన్నన్నాళ్ళూ అంతే."

స్టోరాయన ఫోను చెవి మీంచి తీశాడు. "కోడిపిల్లలు మోశాక తూచారే, బరువు తేలిందే, అప్పుడు?"

"అప్పుడూ నేనేగా తూచింది." కాటా తాత నడుం నిటారు చేసుకున్నాడు. "తేలిందయ్యా, బాగానే తేలింది. నాకు నిద్ర పట్టలేదు. కాటాలే చెడ్డాయనుకుని మార్చి తూచాను. అయినా అంతే. కుర్చీలైనా తెండి, అవీ తూచేద్దామని కుట్టుగదికి మనిషిని పంపితే, ఇంకా విప్పి ఉన్నాయి, బట్ట వేశాక పంపిస్తానని ఆవిడ కబురు చేసింది. సరే, డొక్కలోనే వెతుకుదామని లోపలి గోడల రేకులు ఊడదీశాం. తీస్తే ఏముంది? చలికీ చప్పుడుకీ గోడల్లో దూది పరుపులు పెడతారు చూడు, అవి నీళ్ళు తాగి తాగి చచ్చిన గేదెల్లా ఉన్నాయి. కోడిపిల్లల పెంట కడగడానికి రోజూ గొట్టం పెట్టేవాళ్ళుగా. ఆ నీళ్ళన్నీ వాటిలోకే. లాగి పిండి షెడ్డు వెనక ఆరేశాం. నెల రోజులు కుక్కలు కూడా అటు రాలేదు."

"ఈ సంగతి నాకెవరూ చెప్పలేదే, అందరూ బంగారమనే అన్నారు," అన్నాడు స్టోరాయన.

"కోడి పెంట నీళ్ళ కథ ఎవడు చెప్పుకుంటాడు? బంగారమైతే నలుగురు చెప్పుకుంటారు." కాటా తాత మళ్ళీ కాటా మీదికి వంగాడు. వంగినవాడు సగంలో ఆగి, "బంగారమేంటి అసలు? ఎవరి బంగారం?" అని అడిగాడు. ఆయనకూ ఆ మాట తెలియదు. తూకం వేసిన చోటికి ఆ మాట ఎప్పుడూ రాలేదు, కుట్టుగదికీ రాలేదు. రెండు గదుల మధ్య నడవాలో పుట్టి నేరుగా వీధిలోకి వెళ్ళిపోయింది.

స్టోరాయన ఫోను చొక్కా జేబులో పెట్టుకున్నాడు. నడుముకున్న తాళాల గుత్తిలోంచి కుట్టుగది తాళం చెవి విడదీయడానికి కాసేపు గింజుకుని, తీసి మేనకోడలి చేతిలో పెట్టాడు.

"లోపల మిషన్ బెల్టు తెగి ఉంది. కొత్తది తెప్పిస్తాను," అన్నాడు.

ఇంటికి వచ్చి చెబితే దిండ్లత్త చాలాసేపు నవ్వింది. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని, "నా మీద ఇంత కథ నడిచిందా? నేను ఆ గుడ్డల మూట చూసి ఏడుస్తున్నారనుకున్నాను," అంది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "ఆ ఆఖరు రెండు కుర్చీలు... నూగు తిరగబడిందా?"

"తిరగబడింది."

"నాకు తెలుసు. ఇచ్చేశాక దారిలో గుర్తొచ్చింది. వెనక్కి వెళ్దామనుకున్నాను. ఇంట్లో అమ్మ మూలుగుతోంది." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుని, "నువ్వు బట్ట పరిచేటప్పుడు ముందు నిమిరి చూసుకో. సుద్దతో బాణం గీసుకో," అంది.

ఇన్నాళ్ళలో ఆవిడను కుట్టిన ముల్లు అదొక్కటేనని ఆ పిల్లకు అర్థమైంది.

వీధిలో మాట ఇంకా తిరుగుతూనే ఉంది. ఈ మధ్య మేనకోడలిని కూడా అందులో కలుపుకున్నారట, మిగిలింది తీసుకోడానికే వెళ్తోందని. ఆ పిల్ల రోజూ ఆ వీధిలోంచే, కుట్టుగది తాళం చెవి పట్టుకుని, తల వంచుకుని వెళ్తుంది. ఈలబండిని కాటా వేసి ఎక్కువ బరువు తేలిన రోజున దాని కుర్చీల్లో ఒక్కటి కూడా అందులో లేదు. అన్నీ కుట్టుగదిలో గోడకు చేరబెట్టి ఉన్నాయి.